మూడు మీటర్లు

తుఫాను షెల్టరు కింది హాల్లో
చేతులున్న నీలం కుర్చీ వేశాను.
దాని కాళ్ళ దగ్గర్నుంచి మూడు మీటర్లు కొలిచి
గచ్చు మీద తెల్ల టేపు అంటించాను.
లేవాలి, టేపు దాకా నడవాలి,
అక్కడ వెనక్కి తిరగాలి, వచ్చి కూర్చోవాలి.
అదీ పరీక్ష. స్టాప్‌వాచీ నా మెడలో ఉంది.

ముందు కాగితం మీది ప్రశ్న అడగాలి:
ఈ ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు?

ఎవరూ పడలేదు.
గుత్తుల సూరాయమ్మ గారు రేవులో జారారు, అంతే.
మేడిశెట్టి అబ్బులు గారు అరటితోటలో కాస్త ఒరిగారు,
మోచేతి మీద పసుపు ఇంకా రాలుతూనే ఉంది.
చివర్న కూర్చున్నావిడ
అర్ధరాత్రి దొడ్లోకి వెళ్తూ కూలబడిందట.
"తెల్లారేదాకా అలాగే కూచున్నానండి,
చల్లగా ఉంది" అంది.
పడ్డం అన్న మాటని తప్పించుకోడానికి
ఈ లంకలో ఇన్ని దారులున్నాయని నాకు తెలీదు.
గడిలో సున్నా వెయ్యబుద్ధి కాలేదు.
అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను:
జారుట ఒకటి, ఒరుగుట ఒకటి,
చల్లగా ఉండుట ఒకటి.

గెడ్డం మరిడమ్మ గారికి డెబ్భై ఎనిమిదని ఆధార్ కార్డు.
"అది రాసినోడి లెక్క" అంది.
కుర్చీ చేతులు నొక్కిపట్టి లేచింది,
ఒకసారి ఊగింది, కుదురుకుంది, బయల్దేరింది.
నడక పరవాలేదు.
తిరిగే చోటే అందరూ దొరికిపోతారు.
ఒక్క మలుపుకి ఆరు చిన్న చిన్న అడుగులు,
కాలవ మలుపులో బరువు పడవని గెడతో తిప్పినట్టు.
పంతొమ్మిది సెకన్లు.

ఇక నిలబడాలి.
పాదాలు పక్కపక్కన: పది సెకన్లూ నిలిచింది.
ఒక పాదం సగం ముందుకి: ఏడు.
ఒక మడమకి రెండో కాలి బొటనవేలు ఆనించి, ఒకే గీత మీద,
నా చెయ్యి ఆవిడ వీపు వెనక
ముట్టుకోకుండా, వదలకుండా:
రెండు.

"ఇంతకంటే సన్నటి గట్ల మీద
నారుకట్టలు మోశానమ్మా" అంది ఉడుక్కుంటూ.
"గట్టుకి అటూ ఇటూ నీళ్ళుంటాయి,
చూపుని పట్టుకుంటాయి. ఈ గచ్చుకేముంది?
పైగా నెత్తి ఖాళీ."

కొంగు తీసి చుట్టకుదురు చేసుకుంది.
ఏం పెట్టను? మా రిజిస్టర్లు రెండూ పెట్టాను,
ఊళ్ళో అరవై దాటినవాళ్ళందరి పేర్లూ ఉన్నవి.
మెడ నిటారైంది. గడ్డం ఒక వేలెడు లేచింది.
హాల్లో మాటలాగాయి.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
"ఇంతమందీ కలిసి ఇంతేనా బరువు!" అని నవ్వింది,
నవ్వుకి తూలింది, నేను పట్టుకున్నాను,
రిజిస్టర్లు గచ్చు మీదున్నాయి.
అబ్బులు గారన్నారు:
"ఆయ్, పళ్ళేదండి. జారాయి."

రెండు అనే రాశాను.
పుస్తకాలు పెట్టి నిలబడింది ఏ గడిలోకీ రాదు.

సాయంత్రం ఇల్లు చూడాలి: గుమ్మం, వెలుతురు, తడి నేల.
ఆవిడ ఇంటికీ రోడ్డుకీ మధ్య బోదె.
దాని మీద ఒంటి కొబ్బరిదుంగ ఉంటుందనుకుని,
మార్పించమని ఎలా చెప్పాలో
మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను.

రెండు దుంగలున్నాయి.
పాతదాని నాచు గీకేసి ఉంది. రెండోది కొత్తది.
పక్కన, సరిగ్గా ఆవిడ నడుమెత్తులో,
కొబ్బరితాడుతో బిగించిన వెదురు గెడ.
"ఎవరు చెప్పారు?"
"నా కాళ్ళే. పోయిన ముసురులో
మధ్యలో ఆగి అటు చూశాను, ఇటు చూశాను.
నీళ్ళు నన్ను పట్టుకోలేదు.
పింఛను రాగానే దుంగ కొన్నాను."

నా కాగితం కంటే ఎనిమిది నెలల ముందు.
వెదురు మీద అరచెయ్యి ఆనేచోట
అప్పుడే నున్నగా మెరుస్తోంది.

చీకటి పడుతుంటే బ్యాగు భుజానేసుకుని
తిరిగి దాటబోయాను.
రెండో అడుగులో కొత్త దుంగ కొంచెం కదిలింది.
వెనక్కి చూడలేదు గానీ
తెలుస్తూనే ఉంది, నా వీపు వెనక
ఒక చెయ్యి.